ముఖం చిట్లించినప్పుడల్లా

రిపోర్టులన్నీ బాగున్నాయంటే ఎవరైనా ఏడుస్తారా, నేను ఏడ్చాను, ఆసుపత్రి వరండాలో, రక్తపరీక్ష కాగితం చేత్తో పట్టుకుని, ఏదో ఒకటి చెడిపోయి ఉంటే బాగుండునని కోరుకున్న పిచ్చిదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయివుంటాను, మా ఆయనేమో సంతోషం పట్టలేక ఏడుస్తున్నాననుకుని భుజం తట్టాడు, తట్టిన చోట గంటసేపు సలిపింది, అది రెండేళ్ల కిందటి మాట, ఇప్పుడు నా జబ్బుకి పేరు తెలిసింది, పోయిన నెల కీళ్ల డాక్టరమ్మ నన్ను మధ్యలో ఆపకుండా చివరిదాకా వింది, మెడ, భుజాలు, నడుము, మోకాళ్లు, పొద్దున లేవగానే బస్తాలు మోసివచ్చినట్టుండే ఒళ్లు, అన్నీ విని, అక్కడా ఇక్కడా నొక్కి చూసి, ఇది ఫైబ్రోమయాల్జియా అంది, మా అత్తగారు ఆ పేరు పలకడానికి మూడుసార్లు ప్రయత్నించి, నోరే తిరగని జబ్బు ఒంట్లోంచి ఎలా పోతుందే అంది, నవ్వాను, ఆవిడా నవ్వింది, అంతకుముందు దాకా ఆవిడ లెక్కలో దాని పేరు బద్ధకం.

నడక కూడా డాక్టరమ్మ చెప్పిందే, అందుకే బస్సు మానేసి నేను పనిచేసే కుట్టు దుకాణానికి నడిచి వెళ్తున్నాను, ఎముకలూ కీళ్లూ ఏమీ అరిగిపోలేదు, నొప్పి కబురు మోసే నరాలు గొంతు పెంచేశాయి, చిటికెడు నొప్పిని గంపెడు చేసి చెబుతున్నాయి, నువ్వు కల్పించుకున్నది మాత్రం కాదు అంది, ఆ చివరి మాట కోసమే కాబోలు నేను నాలుగు ఆసుపత్రులు తిరిగింది, పూర్తిగా పోతుందని చెప్పను, తగ్గించుకోవచ్చు, రోజూ కొంచెం నడువు, నిద్రవేళ తప్పనివ్వకు, ఈ చిన్న మాత్ర వేసుకో, ఒళ్లు బాగున్న రోజున మూడు రోజుల పని మీదేసుకుని ఆ తర్వాత మంచమెక్కకు, మా ఇంటి కిటికీలోంచి చూసిందా ఏమిటీవిడ, మొదటివారం వీధి మలుపుకే పిక్కలు మంటెత్తేవి, ఈ వారం మందుల షాపు దాటినా ఇంకా కాళ్లలో ఓపిక మిగిలింది, నాకదే గొప్ప, భయం మాత్రం వదలడం లేదు, దుకాణం యజమాని మేడమ్ ఇవాళ అరగంట ముందు రమ్మంది.

ఎందుకో తెలుసు, మొన్నటి కోటు, పదిహేనేళ్లుగా కత్తెర పట్టినదాన్ని, దుకాణంలో అందరిచేతా మాస్టర్ అని పిలిపించుకునేదాన్ని, కోటు ముందు ముక్కలు రెండూ ఎడమవైపువే కోసేశాను, గుడ్డ తిరగేయడం మరిచాను, బుర్రలో పొగమంచు కమ్మే రోజులుంటాయి, టేపు మీద చూసిన అంకె కాగితం మీదికి వచ్చేలోపు జారిపోతుంది, అదీ ఈ జబ్బులో భాగమేనట, మేడమ్‌కి అదంతా ఎలా తెలుస్తుంది, నేను చెబితేగా, సాకులు వెతుకుతున్నాననుకుంటుందని పంటి బిగువున పనిచేశాను, తీసేస్తే తీసేయనీ, అమ్మో, తీసేయకూడదు, గుడ్డలోంచి మనిషి ఆకారం తీయడం తప్ప నాకింకేం వచ్చు, అదిగో దుకాణం, తలుపు సగం తెరిచే ఉంది.

లోపల మేడమ్ ఒక్కతే ఉంది, బల్ల మీద ఆ ఎడమ ముక్కలు రెండూ పక్కపక్కన పరిచి ఉన్నాయి, ఆమె నోరు తెరవకముందే నేను మొదలుపెట్టాను, ఏ మాట ముందన్నానో ఏది వెనకో తెలీదు, జబ్బు పేరు చెప్పాను, పొగమంచు గురించి చెప్పాను, కూర్చుని కోయడానికి ఎత్తు స్టూలు కావాలన్నాను, అరగంటకోసారి ఐదు నిమిషాలు చేతులు దించుకోవాలన్నాను, కత్తెర పెట్టేముందు నా సుద్దగీతలు ఇంకొకరు చూస్తే ఇలాంటిది మళ్లీ జరగదన్నాను, ఆమె ముక్క అంచు వేలితో నిమురుతూ, ఏడాదిగా నేను పిలిచినప్పుడల్లా ముఖం చిట్లిస్తున్నావు మాస్టర్, నేనంటే పడటం లేదనుకున్నా, వేరేచోట పని చూసుకుంటున్నావేమో అడుగుదామనే ఇవాళ రమ్మన్నా, అంది, తెల్లబోయాను, వెనక్కి తిరిగితే మెడ పట్టేస్తుంది మేడమ్, అంతే, అన్నాను, ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఇద్దరికీ నవ్వొచ్చింది, గీతలు నేనే చూస్తాలే అని వెనక గదిలోంచి స్టూలు ఈడ్చుకొచ్చింది, దానికి ఒక కాలు పొట్టి, కింద గుడ్డపీలిక మడిచి పెట్టింది.

కూర్చున్నాను, కత్తెర అందుకున్నాను, నొప్పి ఎక్కడికీ పోలేదు, భుజం మీదే ఉంది, వేళ్లు మాత్రం ఇవాళ చెప్పిన మాట వింటున్నాయి, ముఖం చిట్లిస్తున్నావు, ఆ మాట వదలడం లేదు, ఏడాదిగా, పిలిచినప్పుడల్లా, ఉన్నట్టుండి మా అమ్మాయి గుర్తొచ్చింది, ఎనిమిదేళ్లది, ఇదివరకు బడి నుంచి రాగానే మెడకు వేలాడేది, ఈమధ్య రావడం లేదు, గుమ్మంలో నిలబడి సంచి దించి లోపలికి పోతుంది, పెద్దదవుతోంది కదా అని సరిపెట్టుకున్నాను, ఎనిమిదేళ్లకేం పెద్ద, చేతులు వేసినప్పుడల్లా నా ముఖం ఎలా మారిపోయేదో అది దగ్గర్నుంచి చూసి ఉంటుంది, అమ్మకి నేను పట్టుకుంటే ఇష్టం లేదనుకుని ఉంటుంది, అడగలేదు, పిల్లలు అడగరు, వెనక్కి తగ్గిపోతారు, మెడ వద్దు నాన్నా, నడుం పట్టుకో, మెల్లగా, అని ఒక్క మాట అంటే పోయేది, నొప్పి కడుపులో దాచుకుని ఇంటిల్లిపాదికీ మేలు చేస్తున్నాననుకున్నాను, అదేమో ముఖం మీద అందరికీ కనబడుతూనే ఉంది, ఎందుకో నేను చెప్పలేదు గనక, నన్ను ప్రేమించే ప్రతివాళ్లూ దానికి కారణం తామే అనుకున్నారు.