మంజీర ఎటు పారుతుంది

మా స్కూలుకున్న ఒకే ఒక గోడపటం హెడ్మాస్టరు గారి బీరువాలో ఉంటుంది. పిల్లలు చూస్తే మాసిపోతుందని, ఇన్స్పెక్టరు వచ్చినప్పుడే దాన్ని బయటికి తీస్తారు. అందుకని తొమ్మిదో తరగతి దాకా మేం నదులూ పర్వతాలూ చెవులతోనే చదివాం.

ఈ ఏడు ఇన్స్పెక్టరు వస్తున్నారని వారం ముందే తెలిసింది. భూగోళం చెప్పే రాజమల్లు సారు ఎప్పటిలాగే తలా ఒక ప్రశ్న పంచారు. పక్కవాళ్ల జవాబు నేర్చుకోవడం వృథా శ్రమ అంటారాయన. భోజన్నకు 'చెరకు ఎక్కడ పండును' వచ్చింది. జవాబు ఉత్తరప్రదేశ్. అప్పటికి మూడు రోజులుగా వాళ్ల బాపు చెరకుబండి బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు వరుసలోనే ఉంది.

నాకు మంజీర వచ్చింది.

"యేసమ్మా, ఏడాదంత నువ్వు నోరు తెరువలే. ఇన్స్పెక్టర్ సాబ్ ముంగట గూడ మూగదాని లెక్క నిలవడ్డవనుకో, పదికి పంపియ్య నిన్ను. మల్ల గీ బల్ల మీదనే కూసుంటవ్" అన్నారు సారు. తర్వాత జవాబు రాయించారు: మంజీర గోదావరి నుంచి చీలి దక్షిణమునకు పారును.

కారణం కూడా చెప్పారు. "పటంల గోదావరి మీదుంటది, మంజీర కిందుంటది. నీళ్లు మీదికెల్లి కిందికే వస్తయి. గింత గూడ ఎర్కలేదా?"

మా ఊరు మంజీర ఒడ్డునే. నీళ్లు పోయే వైపు చూస్తూ బట్టలు జాడిస్తుంటే పొద్దు నా కుడిచేతి పక్క పొడుస్తుంది. ఇంటికి వెళ్లి బాపును అడిగాను.

"కందకుర్తి కాడ గోదాట్ల కలుస్తది బిడ్డా."

"సారు గోదాట్లకెల్లి వస్తదన్నడు."

"సారు అన్నడా? మరి నదికి జెప్పిండా?"

పొయ్యి దగ్గర అవ్వ పడీ పడీ నవ్వింది. "నువ్వే జెప్పు సారుకు."

"నాకు బుగులైతది" అన్నాను భయంగా. నాకు నవ్వు రాలేదు. పదో తరగతికి పంపకపోతే ఎట్లా అన్నదే నా దిగులు.

ఇన్స్పెక్టరు వచ్చిన రోజు పటం దుమ్ము దులిపి గోడకు తగిలించారు. ఇన్స్పెక్టరు గారు నా చేతికి బెత్తం ఇచ్చారు.

"ఏమ్మా, మంజీర ఎటు పారుతుంది?"

ఆయన వెనక సారు పెదవులు 'దక్షిణం' అని కదులుతున్నాయి. నేను బెత్తం మంజీర నీలిగీత మీద ఆనించాను.

"ఉత్తరానికి పోయి గోదావరిల కలుస్తది సార్."

మాట అంత గట్టిగా వచ్చేసరికి నాకే భయమేసింది.

"నీకెలా తెలుసు?"

"పొద్దు కుడిపక్క పొడుస్తది సార్. రోజూ బట్టలుతుకుతం."

ఆయన కళ్లజోడు సవరించుకుని, నీలిగీత వెంట వేలు కింది నుంచి పైదాకా నడిపించారు. సారు వైపు తిరిగారు. "నీళ్లు ఇంత ఎత్తు ఎక్కుతాయా మాస్టారూ?"

"ఎక్కయి సార్."

"అదే నేనూ అంటున్నాను" అని ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని తనిఖీ పుస్తకంలో రాశారు: 'బాలిక ధైర్యముగా సమాధానము చెప్పినది. సమాధానము తప్పు.'

పటం బీరువాలోకి వెళ్లింది. ఇన్స్పెక్టరు గారు బస్సెక్కాక సారు నన్ను పిలిచారు.

"నోరు తెరువుమంటే నదినే మర్లేస్తివి గదనే!"



సారు గడ్డం గీరుకున్నారు. "ఏం జేస్త? నోరు తెరుస్తె పంపుత అన్న. సాబ్ గూడ ధైర్యమని రాసిండు. పో, పదికి పో."

దండం పెట్టాను. ఒకసారి తెరిచిన నోరు ఊరుకోలేదు.

"పదిల భూగోళం ఎవరు జెప్తరు సార్?"

"నేనే" అన్నారు సారు.