సుందరమ్మ ముంచిన ఓడలు

నరసాపురం వెళ్ళడానికి రేవులో గోదావరి దాటే పంటు ఎక్కిన ప్రతిసారీ సుందరమ్మ ఒక పాకిస్తాను ఓడను ముంచేసేది. కొడుకు కృపానందానికి నేవీవాళ్ళు శౌర్య పతకం ఇచ్చారని ఉత్తరం వచ్చిన నెలలో ఒకటే ఓడ. డెబ్బై మూడు వేసవికి అవి ఏడయ్యాయి, పైన ఒక సబ్‌మెరీను. పంటు నడిపే నూకయ్య మర్యాదస్తుడు కాబట్టి "ఆయ్, అలాగేనండి" అంటూ వినేవాడు.

నిజానికి కృపానందం సరుకు ఓడలో ఆఫీసరు. నేవీ రిజర్వులో పేరుంది గనక, డెబ్బై ఒకటిలో పాకిస్తానుతో యుద్ధం రాగానే పిలిపించి యుద్ధనౌక ఎక్కించారు. అక్కడ ఏం చేశాడో ఉత్తరంలో రాయలేదు. కొడుకు రాయకపోతే తల్లి ఊరుకుంటుందా? మిగతాది తనే కల్పించుకుంది.

ఇప్పుడతను సెలవు మీద సఖినేటిపల్లి వచ్చాడు. మే నెల ఎండకి ఊరంతా బనీన్లతో తిరుగుతుంటే, అతనేమో మణికట్టు దాకా గుండీలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా విప్పడు. "ఆఫీసర్లు అంతేనండి," అని సుందరమ్మ దానికీ మురిసిపోయింది.

కొంప ముంచింది మార్తమ్మ. ఊళ్ళో ఆ ఓడల్ని నమ్మనట్టు కనబడే మనిషి ఆవిడొక్కతే. "ఆదివారం అబ్బాయిగారి చేత, యుద్ధంలో దేవుడెలా కాపాడాడో, చర్చిలో సాక్ష్యం చెప్పించండి వదినగారూ. దేవుడి ఎదట ఆయన నోటితోనే విందాం," అంది, పాస్టరుగారు వింటుండగా.

సుందరమ్మ ఇరకాటంలో పడింది. సాక్ష్యంలో అబద్ధమాడకూడదు. నిజం చెబితే తన పరువు గోదాట్లో కలుస్తుంది.

"ఒరేయ్ నాన్నా, ఎన్ని ముంచేవురా?"

"ఏంటమ్మా?"

"ఓడలు."

"ఒక్కటీ లేదమ్మా."

"పోనీ, చిన్నదేదైనా?"

కృపానందం నవ్వి, చొక్కా చేతి గుండీ సరిచేసుకున్నాడు.

ఆదివారం పతకం పెట్టుకుని లేచి నిలబడ్డాడు. "మా ఓడ వంటగది పక్కన నిప్పంటుకుందండి. గోడకి అవతల మందుగుండు గది. నీళ్ళ పంపు పనిచెయ్యలేదు. పొయ్యి మీద నూట ఇరవై మందికి సాంబారు మరుగుతోంది. మూడు గుండిగలూ ఎత్తి పోసేసేనండి. నిప్పు ఆరింది. పతకం ఇచ్చేరు. వంటవాడు మాత్రం రెండు వారాలు నాతో మాట్లాడలేదండి."

ముందు ఆడవాళ్ళ వైపు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత చర్చంతా పడీ పడీ నవ్వింది. పాస్టరుగారు మొహానికి బైబిలు అడ్డం పెట్టుకున్నారు. "సాంబారా!" అంటూ మార్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. సుందరమ్మ సిగ్గుతో చచ్చిపోయి తల దించుకుంది. ఉన్నట్టుండి ఆవిడకి ఏదో తట్టింది. జన్మంతా పొయ్యి దగ్గర గడిపిన మనిషి కదా.

"మరిగే గుండిగలు దేంతో పట్టుకున్నావురా?"

"గుడ్డ వెతికే టైము లేదమ్మా."

సుందరమ్మ లేచి మగవాళ్ళ వైపు గబగబా వెళ్ళి, కొడుకు చొక్కా చేతి గుండీ విప్పి మోచేతి దాకా పైకి మడిచింది. చర్మమంతా ముడతలు పడి, కాలిన మచ్చలు తేలి ఉంది. రెండో చెయ్యీ అంతే. నవ్వులు ఆగిపోయాయి.

"నాదీ సాక్ష్యం ఉందండి," అంది జనం వైపు తిరిగి, ముక్కు చీదుకుంటూ. "ఆ ఏడు ఓడలూ నేను ముంచినవే. సబ్‌మెరీను కూడానండి."

"మాకు తెలుసండి," అన్నాడు నూకయ్య వెనకనించి.

తర్వాత చర్చి ఆవరణలో అందరూ కలిసి తినే ప్రేమవిందులో మార్తమ్మే సాంబారు బకెట్టు పట్టుకొచ్చింది. సుందరమ్మ గరిటె లాక్కుని, ఆవిరి పోయేదాకా ఊది ఊది, అప్పుడు కొడుకు విస్తట్లో పోసింది.