ఏరిన జెల్లలు

కొడిమ్యాల దగ్గరి చెరువు నిండి, మత్తడి మీంచి వరద నీళ్లు దూకడం ఆగిన నాలుగో రోజు, జలపతి బడికి సెలవు పెట్టి, థర్మాకోల్ డబ్బా పట్టుకుని కోరుట్లలో బస్సెక్కాడు. మరునాడు పెత్రమాస. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టే రోజు. ఇంట్లో ఆయన గానీ, భార్య రాధ గానీ ఆ మాట ఎత్తలేదు.

డబ్బా వాళ్ల కూతురు సుధది. పరిశోధన కోసం ఆమె ఆ చెరువులో ఇరవేసి జెల్ల చేపలు తీసుకుని, వాటి మొప్పల్లో పట్టే పురుగులను లెక్కపెట్టేది. వరదకు ముందొకసారి, వరద తగ్గిన వారంలోపు మరొకసారి. కొత్తనీరు పురుగులను కడిగేస్తుందని ఆమె అనుకుంది. మొదటి ఏడాది వరద తర్వాత పురుగులు తగ్గాయి. రెండో ఏడాది పెరిగాయి. ఇక మూడో ఏడాదే తేల్చాలి. వరదకు ముందు లెక్క జూన్‌లో తనే రాసిపెట్టింది. జూలైలో జ్వరం వచ్చింది. పదకొండో రోజున ఆస్పత్రిలో పోయింది.

"ఆ ఒక్క లెక్క ఉంటే సుధ పేరు మీదనే వ్యాసం పంపుదాం సార్" అన్నాడు ఆమెకు దారి చూపిన లెక్చరర్ సాయినాథ్. జలపతి జీవశాస్త్రం చెప్పే పంతులు. ఆ పని తనకు చేతనవును.

చెరువు కట్ట మీద ఓదెలు వల దులుపుతున్నాడు. సుధకు ఎప్పుడూ చేపలిచ్చేది ఆయనే.

"నమస్తే సారు. మీరే అచ్చిన్రా? ఫోన్ కొడితే నేనే తెద్దును గదా. ఈసారి చేపలు రోడ్డు మీదికే అచ్చినయ్. బస్సు డ్రైవర్ దిగి రెండు పట్టుకపోయిండు. వాటికి టికెట్ కొట్టినవారా అని మావోళ్లది ఒకటే నవ్వుడు."

"ఇరవై జెల్లలు కావాలె, ఓదెలూ."

ఇంకొక మాట చెప్పాలి. సుధ పుస్తకం మొదటి పేజీలోనే ఉంది: వలలోంచి చేతికి వచ్చిన మొదటి ఇరవై, ఏరకూడదు. అది చెప్పాలంటే సుధ పేరు ఎత్తాలి. చెప్పకుండానే డబ్బా ముందుకు చాచాడు. ఓదెలు ఆయన ముఖం చూసి ఇంకేమీ అడగకుండా డబ్బా అందుకున్నాడు. జలపతి నీళ్ల వైపు చూడలేక, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం వంటింటి బల్ల మీద ఒక్కొక్క చేప మొప్పా కోసి భూతద్దం కింద పెట్టాడు. జూన్‌లో ఇరవై చేపల్లో తొంభై మూడు పురుగులు. ఇప్పుడు నాలుగు.

"రాధా, బిడ్డ అన్నట్టే అయింది."

రాధ చేతులు తుడుచుకుని వచ్చి భూతద్దంలోకి వంగింది. "ఏం కనవడ్తలేదు."

"ఏం కనవడకపోవుడే కావాలె."

ఆమె నవ్వింది. రెండు నెలల తర్వాత నవ్వింది. సాయినాథ్ పది రోజుల్లో వ్యాసం పూర్తిచేసి పత్రికకు పంపాడు.

దసరాకు కోరుట్లలో చుట్టాలింటికి వచ్చిన ఓదెలు, సారును చూసిపోదామని ఇంటికి వచ్చాడు. కుర్చీ చూపినా గడప దగ్గరే కూర్చున్నాడు.

"సుధమ్మకు మంచిగ పెట్టిన్రా సారు?"

"ఏం పెట్టుడు?"

"జెల్లల కూర. పెత్రమాసకే గదా తీస్కపోయిన్రు. సుధమ్మ ఉన్నప్పుడు ఏరనిచ్చేది గాదు, కొట్లాడేది. తినేటియి గాబట్టి ఈసారి ఏరిన. ఒక్కొక్కదాని మొప్ప లేపి చూసి, ఎర్రగున్నయే డబ్బల ఏసిన. పురుగుకు తెల్లబడ్డయి, జిగురు పట్టినయి అవుతల పారేసిన. కడుపుకోత ఇంటికి అసొంటియి పంపుతనా?"

"ఎన్ని పారేసినవ్?"

"గంపెడు. ఈ వరదకు మస్తు చెడ్డయి సారు."

తనవంతు చేశానన్న తృప్తి ఓదెలు ముఖంలో కనిపిస్తోంది. "మంచి పని చేసినవ్" అన్నాడు జలపతి.

ఓదెలు వెళ్లాక సాయినాథ్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఏరినట్టు ఎవరికి ఎరుక సార్?" అన్నాడు సాయినాథ్. "మూడో ఏడు లేకుంటే వ్యాసం నిలవదు."

"నాకు ఎరుకే."

"పోనీ, వచ్చే ఏడు..."

"జూన్ లెక్క ఈ ఏడు వరదకే జత సాయినాథ్, దానికి వారం గడువు దాటింది. వచ్చే ఏడు రెండు లెక్కలూ నేనే పెట్టాలె, అవి సుధవి గావు. వ్యాసం వాపసు తీసుకో."

పుస్తకం తెరిచాడు. ఎడమ పేజీలో సుధ చేతిరాత, కుడి పేజీలో తనది. స్కేలు పెట్టి తన ఇరవై వరుసల మీద అడ్డంగా గీత గీశాడు. కింద రాశాడు: 'ఈ చేపలు ఏరినవి. ఏరవద్దని ఓదెలుకు నేను చెప్పలేదు.'

రాధ వంటింట్లోంచి గిన్నె తుడుస్తూ వచ్చింది. "వ్యాసం అచ్చయినంక ఒకటి మా అక్కకు పంపాలె. ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నది."

"రాధా, ఇట్ల కూసో."

ఆమె గిన్నె కింద పెట్టింది. ఆయన ముఖంలోకి చూసి, ఆ రోజు ఆస్పత్రి వరండాలో డాక్టరు బయటికి వచ్చినప్పుడు కూర్చున్నట్టే, మెల్లగా కూర్చుంది.