ఫొటోలో ఉన్న జంపఖానా

భర్త ఉపేందర్ చనిపోయిన ఏడో నెలలో సుహాసిని ఆన్‌లైన్ వేలంలో అమ్మకం మొదలుపెట్టింది. అది ఆమెకు తట్టిన ఆలోచన కాదు. మడికొండ ఐటీ పార్కులో పనిచేసే కావ్య, ఉపేందర్‌కు చిన్నమ్మ కూతురు, ఓ ఆదివారం కొత్తవాడలోని ఆమె ఇంటికి వచ్చింది. మంచం కింద చుట్టలు చుట్టి పెట్టిన జంపఖానాలు చూసి అడిగింది.

"ఇవన్నీ ఇట్లనే పెట్టుకొని కూసుంటవా వదినా?"

"ఏం జేయాలె మరి? చేనేత సొసైటోళ్లు పాత సరుకే పోతలేదంటాండ్లు."

కావ్య ఫోన్ తీసి ఒక వేలం సైటు చూపించింది. సరుకు ఫొటో పెట్టాలి. మొదటి ధర మనమే చెప్పాలి. వారం రోజులు గడువు. ఎక్కడివాళ్లయినా ధర పెంచుకుంటూ పోవచ్చు. గడువు ముగిసేసరికి ఎవరిది పైన ఉంటే సరుకు వాళ్లది.

నూలు కండెలు చుడుతున్న అత్త రాములవ్వ రాట్నం ఆపింది. "అంటే వినాయకుని లడ్డు పాట లెక్కనా? ఫోన్ల పాడుతరా?"

"నోటితోని పాడరు పెద్దమ్మా. రేటు రాస్తరు."

"మొకాలు కనవడకుంటనే?"

"కనవడకుంటనే."

"ఏమో బిడ్డా," అని రాములవ్వ మళ్లీ రాట్నం తిప్పింది.

ఆ ఇంట్లో ఇప్పుడు ఉన్నది అత్తాకోడళ్లు ఇద్దరే. పెళ్లయి పదకొండేళ్లయినా సుహాసినికి పిల్లల్లేరు. ఉపేందర్ పదిహేనేళ్ల వయసు నుంచి మగ్గం మీదే బతికాడు. పోయిన వానాకాలం జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకుని మాత్ర వేసుకుని మూడు రోజులు మగ్గం దిగలేదు. నాలుగో రోజు కళ్లు తిరిగి పడిపోతే దవాఖానకు తీసుకుపోయారు. డెంగీ అన్నారు. ఆరో రోజు శవాన్ని తెచ్చారు.

మగ్గం మీద జంపఖానా సగం పైన నేసి ఉండిపోయింది. ఎర్రటి నేల మీద నీలం పట్టీలు. మొదట ఎంతో తీరుగా ఉన్న నేత చివరికి వచ్చేసరికి వదులైంది. ఆఖరి జానెడు మేర నీలం పట్టీ పక్కకు ఒరిగిపోయింది. పదకొండో రోజు తర్వాత పక్కింటి మొండయ్య వచ్చి దాన్ని మగ్గం మీంచి కోసి, కుచ్చులు ముడివేసి ఇచ్చాడు. సుహాసిని దాన్ని తన మంచం మీద పరిచింది. పడుకునే ముందు ఆ ఒరిగిన చోట చెయ్యి వేసేది. ఎక్కడ జ్వరం మొదలైందో, ఎక్కడ వేళ్లు వణికాయో, కళ్లు మూసుకుని కూడా చెప్పగలిగేది.

మగ్గం ఖాళీగా పెట్టడం ఎందుకని రాములవ్వ దాన్ని మొండయ్యకు అప్పజెప్పింది. ఉన్న నూలుతోనే అతను కూడా ఎరుపు, నీలంతో ఒకటి నేశాడు. ముందు దాన్నే వేలానికి పెడదామనుకున్నారు.

బుధవారం పొద్దున తలుపులోంచి ఎండ మంచం మీద పడింది. ఫొటో తీయడం చేతికి రావాలని సుహాసిని అక్కడే ఒకటి తీసి చూసుకుంది. తర్వాత మొండయ్య నేసినదాన్ని వాకిట్లో పరిచి నాలుగు తీసింది. కావ్య ఫోన్‌లో ఒక్కో మెట్టూ చెబుతుంటే ఇటు నొక్కి, అటు నొక్కి, చిన్న చిన్న గళ్లలో కనిపిస్తున్న ఫొటోలను ఎంచింది. అన్నిట్లోనూ అదే ఎరుపు, అదే నీలం. "అయిపోయిందా వదినా?" అంటే "అయిపోయింది" అంది. చెమటలు పట్టాయి ఆమెకు.

రెండు రోజులు ఎవరూ పలకలేదు. రాములవ్వ పొద్దున, మాపు అడిగేది: "ఎవరన్న పాడిండ్రా బిడ్డా?" మూడో రోజు పుణె నుంచి ఒకరు ధర రాశారు. ఐదో రోజు కోయంబత్తూరు నుంచి ఇంకొకరు పెంచారు. చివరి రోజు మధ్యాహ్నం ఆ ఇద్దరూ పట్టుబట్టినట్టు పెంచుకుంటూ పోయారు. నాలుగింటికి గడువు ముగిసింది. సొసైటీ ఇచ్చేదానికి మూడింతలు పలికింది. కొడుకు పోయిన తర్వాత రాములవ్వ నవ్వడం అదే మొదటిసారి. కోడలి నోట్లో చిటికెడు చక్కెర పోసి, "వాడుంటేనా..." అని, రాట్నం దగ్గరికి పోయింది.

మర్నాడు మొండయ్య నేసిన జంపఖానాను సుహాసిని మడతపెడుతుంటే ఫోన్ మోగింది. పాట గెలిచిన పుణె ఆవిడ ఇంగ్లీషులో రాసింది. ఇంటర్ చదివిన సుహాసిని కూడబలుక్కుంటూ చదివింది. 'మొదటి ఫొటోలో మంచం మీద ఉన్నదాని రంగు చూసే నేను పాడాను. మిగతా ఫొటోల్లోది వేరేలా ఉంది. దయచేసి మంచం మీద ఉన్నదే పంపండి.'

సుహాసిని సైటు తెరిచి చూసింది. అన్నిటికన్నా పైన, ఎండలో మెరుస్తూ, ఉపేందర్ నేసిన జంపఖానా ఉంది.

కావ్యకు ఫోన్ చేసింది. కావ్య కూడా సైటు తెరిచి చూసింది.

"మొదటి ఫొటోనే సరుకు కింద లెక్క వదినా. పాట అయినంక వద్దంటే కష్టం. మనది కొత్త అకౌంటు, ఫస్టుదే క్యాన్సిల్ జేస్తే మూసేస్తరు. నేను చూసుకోవాల్సుండె. తప్పు నాదే." మళ్లీ తనే అంది: "ఆమెకు ఉన్నదున్నట్టు రాయరాదు? అన్న సంగతి చెప్తే ఇడిచిపెడ్తదేమో."

సుహాసిని రాయడానికి కూర్చుంది. 'ఇది మా ఆయన' అని రాసింది. ఆ పైన వేలు కదల్లేదు. చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది. దవాఖాన కాగితాలు, మునిసిపాలిటీ కాగితాలు, అన్నీ ఎవరెవరో రాశారు, తను సంతకం మాత్రమే పెట్టింది. ఆయన చనిపోయాడన్న మాట ఈ ఏడు నెలల్లో తన చేత్తో ఒక్కసారీ రాయలేదు. ముక్కూమొహం తెలియని మనిషికి ఇప్పుడు అది రాయాలి, ఒక జంపఖానాను దక్కించుకోవడం కోసం. మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపింది.

రాములవ్వకు సంగతి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. లేచి వచ్చి మంచం మీద కూర్చుంది. అరచేత్తో జంపఖానాను నిమిరింది.

"పంపియ్యి బిడ్డా."

"అత్తమ్మా!"

"పదిహేనేండ్లప్పటి సంది నేసిండు వాడు. ఇంట్ల పరుసుకునేటందుకు ఎన్నడన్న ఒక్కటి నేసిండా? వాడున్నన్ని రోజులు మంచం మీద పరిచింది చాపనే గదా. ఇది గూడ అమ్మనీకే నేసిండు. ఒళ్లు కాలిపోతాంటె గూడ ఎందుకు దిగలే మగ్గం? సొసైటికి ఇచ్చిన మాట తప్పొద్దని. ఇప్పుడు మనం ఆపుదుమా?"

గొంతు గట్టిగానే ఉంది. కానీ మాట పూర్తవగానే ముసలామె ఒక పక్కకు ఒరిగి, నీలం పట్టీ వంకరపోయిన చోట ముఖం ఆనించి పడుకుంది. సుహాసిని రెండో చివర నుంచి మడతపెట్టుకుంటూ వచ్చి, అత్త తల దగ్గర ఆగింది. లెమ్మని అనలేదు. వాకిట్లో ఎండ గడప దాటి పోయేదాకా అట్లాగే నిలబడింది.

చౌరస్తాలో కొరియర్ అతను అడిగాడు: "లోపట ఏమున్నదక్కా? పగిలేదేమన్ననా?"

"కాదు. జంపఖానా."

అతను చుట్టూ టేపు బిగించి, కట్టను వెనక్కి విసిరాడు.

పది రోజులకు కావ్య సంబరంగా ఫోన్ చేసింది. "వదినా, నాలుగు స్టార్లు ఇచ్చింది! ఫస్టు సారే నాలుగంటే మంచిదే. ఇగ ఫికర్ లేదు. చదువు ఒకసారి."

సుహాసిని చదివింది. 'రంగులు చాలా బాగున్నాయి. ఒక చివర మాత్రం నేత వంకరగా ఉంది. ఆ కొంచెం కత్తిరించి అంచు కుట్టించాం. ఇప్పుడు హాల్లో సరిగ్గా సరిపోయింది.' కింద ఫొటో. అద్దాల బల్ల, దాని కింద జంపఖానా. నాలుగు అంచులూ గీత గీసినట్టు ఉన్నాయి.

"కావ్యా," అంది. "కత్తిరించిన ముక్క ఏం జేసిండ్రో అడుగుతవా జర? నాతోని రాయనైతలేదు."

కత్తిరించింది అన్న చివరిసారి నేసిన చోటని అప్పటికి గానీ కావ్యకు తట్టలేదు. "అయ్యో వదినా," అంది. వెంటనే రాసింది కూడా. జవాబు మర్నాడు వచ్చింది. ఆవిడ మర్యాదగానే రాసింది. 'అది టైలర్ దగ్గరే వదిలేశాం. అడిగి చూశాను, చెత్తలో పోయిందట. ఏమైనా అవసరం ఉండిందా?'

అవసరమేమీ లేదని రాయమంది సుహాసిని.

సాయంత్రం రాములవ్వ రాట్నం దగ్గరి నుంచే అడిగింది. "ముట్టిందా బిడ్డా? ఏమన్నరు?"

"మస్తున్నదన్నరు అత్తమ్మా."

"వంకర పోయిందనలేదా?"

"అనలే."

"ఏడ పరుసుకున్నరట?"

"దేవుని అర్రల."

"అయితె మంచిదే." రాములవ్వ తెగిన నూలు పోగును నోటితో తడిపి ముడివేసింది. "ఎవ్వలు తొక్కరు."

నీళ్లు పట్టి వస్తానని సుహాసిని పెరట్లోకి పోయింది. నల్లా తిప్పి బకెట్ పెట్టి, గోడకు ముఖం తిప్పుకుని నిలబడింది. బకెట్ నిండింది. నిండి, పొర్లి, నీళ్లు ఆమె పాదాల మీదుగా కాలువలోకి పోతున్నాయి.

"నీళ్లు పోతానయ్ బిడ్డా," లోపలి నుంచి రాములవ్వ పిలిచింది. "బంద్ జెయ్యి."