పులిహోరలో పడ్డ బంతి

రాజగోపాల్ ఐర్లండ్‌లోని లిమరిక్ ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఊరు తెనాలి. నలభై దాటాక బేస్‌బాల్ పిచ్చి పట్టి లిమరిక్ జట్టులో చేరాడు. అమెరికా ప్రొఫెషనల్ ఆటగాళ్లు చివరి ఇన్నింగ్స్‌లో చేసే పొరపాట్ల వీడియోలు చూసి పడీపడీ నవ్వేవాడు. "చూడు గిరిజా, ఇంకా ముగ్గురూ ఔట్ కాకుండానే ఆట అయిపోయిందనుకుని బంతి జనంలోకి విసిరేశాడు వెర్రివెధవ!" అని భార్యకు చూపించేవాడు. ఆవిడ చూడకుండానే "ఆహా" అనేది.

ఆ ఆదివారం గాల్వే జట్టుతో మ్యాచ్. లిమరిక్‌ది ఒక్క పరుగు ఆధిక్యం. చివరి ఇన్నింగ్స్. గాల్వేవాళ్లు బ్యాటింగ్ చేస్తున్నారు, ఒకడు ఔటయ్యాడు, మరొకడు మూడో బేస్ మీద ఉన్నాడు. దూరంగా ఎడమ పక్కన ఫీల్డింగ్ చేస్తున్న రాజగోపాల్ వాన తుంపరకు కళ్లద్దాలు తుడుచుకుంటుండగా ఓ బంతి గాల్లోకి లేచింది. గీత అవతల లిమరిక్ ఫీల్డరొకడు దాన్ని అందుకున్నట్టే అందుకుని జారవిడిచాడు. అద్దాలు లేని రాజగోపాల్ దాన్ని క్యాచ్ కింద జమకట్టుకున్నాడు. అతని లెక్కలో ఇద్దరు ఔట్.

తర్వాతి బంతి నేరుగా అతనివైపే వచ్చింది. పరుగెత్తాడు, జారాడు, పడుతూ పడుతూ పట్టేశాడు. జీవితంలో అలాంటి క్యాచ్ పట్టలేదు. ఇంకేముంది, గెలిచామనుకుని లేచి, కంచె బయట మడతకుర్చీలో కూర్చున్న భార్యవైపు ప్రేమగా బంతి విసిరాడు.

బంతి వెళ్లి ఆవిడ ఒళ్లో మూత తీసి ఉన్న పులిహోర డబ్బాలో పడింది.

"ఇదేం పనండీ!" అని గిరిజాకుమారి అరిచింది. "జీడిపప్పంతా మట్టిపాలు!"

అంతకంటే గట్టిగా అరిచింది కెప్టెన్ ఫెర్గల్. బంతి కంచె దాటితే రన్నర్‌కు పరుగు ఊరికే వస్తుంది. మూడో బేస్ మీదివాడు అప్పటికే పరుగు పూర్తయ్యే హోమ్ బేస్‌కు చేరి గంతులేస్తున్నాడు. స్కోరు సమం. గాల్వేవాళ్లు వాణ్ని భుజాలకెత్తుకున్నారు.

రాజగోపాల్‌కు అప్పుడు తెలిసింది, ఔటయింది ఇద్దరేనని. భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది.

అంతలో మూడో బేస్ దగ్గర ఆడుతున్న లోకేశ్ రొప్పుతూ వచ్చాడు. వరంగల్ పిల్లవాడు, యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్నాడు.

"అంకుల్, పరేషాన్ గాకు. నువ్వు బాల్ పట్టకముందే ఆడు ఉరికిండు. నేన్ సూశ్న. ఎనకకొచ్చి బేస్ తొక్కనే లేదు."

"అంటే?"

"అంటే ఆడు గూడ నీలెక్కనే. అప్పటికే ఇద్దరు ఔటైండ్రనుకున్నడు."

క్యాచ్ పట్టాకే రన్నర్ బేస్ వదలాలి. ముందే వదిలినవాడు వెనక్కొచ్చి తాకి మళ్లీ పరుగెత్తాలి, లేకపోతే ఫీల్డర్ బంతితో ఆ బేస్ తొక్కి అడిగితే ఔట్. ఫెర్గల్ ముఖం వెలిగింది. అంపైర్ బంతి అడిగింది. గిరిజాకుమారి దాన్ని చెంగుతో తుడిచి ఇచ్చింది గానీ పసుపు వదల్లేదు. అంపైర్ వాసన చూసి, తల అడ్డంగా ఊపి, కొత్త బంతి తీసింది. ఫెర్గల్ దాన్ని లోకేశ్‌కు విసిరాడు. లోకేశ్ బేస్ తొక్కి అప్పీల్ చేశాడు. అంపైర్ పిడికిలి ఎత్తింది. మూడో ఔట్. పరుగు చెల్లలేదు, లిమరిక్ గెలిచింది.

గాల్వేవాళ్లు మోస్తున్న హీరోను మధ్యలోనే కిందికి దించేశారు.

అందరూ లోకేశ్ మీద పడి వీపు చరిచారు. రాజగోపాల్ దగ్గరికి ఎవరూ రాలేదు, ఆ రన్నర్ తప్ప. చెయ్యి కలిపి, "మనిద్దరికీ లెక్కలు అప్పజెప్పకూడదు" అన్నాడు. "ఉద్యోగమేంటి?"

"ఆపరేషన్లకు మత్తిస్తాను."

అతని నవ్వు సగంలో ఆగింది. "వచ్చే నెల నా మోకాలికి ఆపరేషన్. మీరు ఏ ఊళ్లో?"

"లిమరిక్‌లో."

"గ్రాండ్! నాది గాల్వేలో" అని ఊపిరి పీల్చుకుని, ఆసుపత్రి మారే మాట వచ్చేలోపు వెళ్లిపోయాడు.

కారు గిరిజాకుమారే నడిపింది. రాజగోపాల్ కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చున్నాడు. తిట్లు ఇంకా మొదలు కాలేదేమా అని భయంగా ఉంది. రౌండబౌట్ దగ్గర ఆవిడ గేరు మార్చింది.

"పట్టడం మాత్రం భలే పట్టారండీ" అంది.

అతను వెంటనే ఆవిడవైపు తిరిగాడు. "చూశావా? నిజంగా చూశావా?"

"చూస్తూ ఉండిపోబట్టే గదా డబ్బాకు మూత పెట్టడం మరిచాను."

ఇంటిదాకా ఆ క్యాచ్ గురించే చెప్పాడు. ఆవిడ ఒక్కసారి కూడా "ఆహా" అనలేదు. మధ్యమధ్య ప్రశ్నలు కూడా వేసింది.