నాలుగో నంబరు తలుపు

తైవాన్‌లోని చియాయీలో మాది చిన్న ఆస్పత్రి. అంతస్తుకొక స్టోరు గది, గది తలుపుకొక కార్డు పెట్టె. ఎవరి కార్డు ఏ తలుపును ఎన్ని గంటలకు తెరిచిందో రాసుకునే డేటాబేస్ జువాంగ్ అక్క చేతిలో ఉంటుంది. చేతిలో అంటే అలా ఇలా కాదు. ఉద్యోగం మానేసినవాడి కార్డు ఆ సాయంత్రానికే చచ్చిపోతుంది. ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్టు గాలి సోకనివ్వదు, ఆస్పత్రి లోపలి ఫోన్లతోనే దాని మాటామంతీ. వారం వారం నకలు తీసి బీరువాలో పెట్టడమే కాదు, ఆ నకలు పనిచేస్తుందో లేదో వేరే యంత్రంలో తెరిచి మరీ చూసుకుంటుంది. డేటాబేసులో ఏ మార్పు చేసినా ఇద్దరు ఒప్పుకోవాలని పట్టుబట్టింది. ఒకరు తను, రెండో మనిషి కాపలా విభాగం పెద్దనైన నేను. నా పేరు హోంగ్. కోపిష్ఠినని అందరూ అంటారు, నిజమే.

ఆ గురువారం పొద్దున్న పది గంటలకు అయిదో అంతస్తు మందుల గదిలో మార్ఫిన్ పెట్టె ఒకటి తగ్గిందని తేలింది. కంప్యూటరు చూస్తే, ముందురోజు మధ్యాహ్నం ఆ తలుపు తెరిచింది నర్సు యూ-షాన్ కార్డు. ఆరో అంతస్తు నర్సుకు ఆ గదితో పనేమిటి? పరిపాలనాధికారి ఫాన్ గారు ఆమె కార్డు ఆపించి, పిలిపించారు.

"నేను దుప్పట్ల కోసం ఆరులో స్టోరు తెరిచానండీ. అయిదులో అడుగే పెట్టలేదు" అని ఆ పిల్ల ఏడ్చింది.

"కంప్యూటరు అబద్ధమాడుతుందా? పన్నెండులోగా ఒప్పుకో. లేదంటే పోలీసులొస్తారు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆరేళ్లుగా చూస్తున్నానా పిల్లని! ఫాన్ గారితో మాట్లాడితే నోరు జారుతుందని నేరుగా జువాంగ్ అక్క దగ్గరికి పరుగెత్తాను.

ఆమె అంతా విని, తెర మీద ఏదో వెతికి, కళ్లజోడు సర్దుకుంది.

"యూ-షాన్ కార్డుకు మందుల గది అనుమతే లేదు హోంగ్. లేని అనుమతితో తలుపెలా తెరుచుకుంది? పద."

ఇద్దరం ఆరో అంతస్తు దుప్పట్ల గదికి వెళ్లాం. ఆమె తన కార్డు పెట్టి తలుపు తెరిచి, మూసింది. కిందికొచ్చి చూస్తే కంప్యూటరులో 'అయిదో అంతస్తు, మందుల గది' అని ఉంది.

"అయ్యయ్యో!" అంటూ తలుపుల అంకెల పట్టిక తెరిచింది అక్క.

మా భాషలో నాలుగు అంటే చావు అన్నట్టు వినిపిస్తుంది, అందుకే మా వైపు ఆస్పత్రుల్లో నాలుగో అంతస్తు ఉండదు. మూడు తర్వాత అయిదే. తీగలు లాగినవాళ్లు మాత్రం కార్డు పెట్టెలకు వరసగా అంకెలు వేసుకుపోయారు. అందుకని అయిదో అంతస్తులోది నాలుగో పెట్టె, ఆరో అంతస్తులోది అయిదోది. సోమవారం ఫాన్ గారు తెర మీద మందుల గది పక్కన నాలుగు చూసి, "ఆస్పత్రిలో ఆ అంకేమిటి, అశుభం! తీసెయ్యండి" అన్నారట. మంగళవారం పట్టికలో నాలుగు అయిదైంది, అయిదు ఆరైంది. గోడ మీది పెట్టెలకు ఆ సంగతి ఎవరు చెప్పారు? అవి తమలో ఉన్న పాత అనుమతులతోనే తలుపులు తెరుస్తూ, పాత అంకెలే పంపుతున్నాయి. ఆరో అంతస్తు పెట్టె 'అయిదు' అంటే పట్టిక దాన్ని మందుల గది అనుకుంది. అసలు మందుల గది పంపిన నాలుగులన్నీ ఊరూపేరూ లేని కుప్పలో పడ్డాయి.

ఆ కుప్పలో ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు కార్డు దొరికింది. ఫోను చేస్తే, "అర్జెంటు ఆపరేషనుకు నేనే తీసుకెళ్లాను, సంతకం మరిచా" అన్నాడు తాపీగా.

"చూశావా మన పరిపాలన మహానుభావుడి నిర్వాకం! ఫాన్ గారిని అందరి ముందూ కడిగేస్తాను, పద" అన్నాను.

అక్క మార్పుల జాబితా తీసి కాగితం మీద అచ్చు వేసింది. అడిగినవారు: ఫాన్. చేసినవారు: జువాంగ్. రెండో ఆమోదం: హోంగ్.

మంగళవారం టర్కీ కోడి అన్నం తింటున్నాను. ఆ మార్పు ఆమోదం కోసం ఫోనులో వచ్చింది. అక్క పంపిందంటే చూడాల్సిందేముందని ఎడమచేత్తో నొక్కేశాను.

"అక్కా... మన పేర్లు తీసేసి, ఆయనదొక్కటే ఉంచితే?"

"తియ్యలేను. నేనైనా తియ్యలేనట్టే కట్టాను."

"పోనీ అంకెలు సరిచేసి, మెషీను చెడిపోయిందని చెప్పేద్దాం."

"రేపు ఇంకో పిల్ల ఏడుస్తుంది. ఆ అంకె దేనికి ముడిపడి ఉందో ఆయనకు తెలీదు, నాకు తెలుసు. మార్చాక పైకెళ్లి ఒక్కసారి కార్డు పెట్టి చూడాల్సింది, చూళ్లేదు. తప్పు నాది." ఆమె ఉద్యోగానికే ఎసరు రావచ్చు, అయినా లేచి నడిచింది. నేను పదిహేను మంది కాపలావాళ్లకు పెద్దని. అంత ధైర్యం నాకెప్పుడూ లేదు.

పన్నెండుకు పావుగంట ఉందనగా ఆ కాగితం ఫాన్ గారి బల్ల మీద పెట్టింది. ఆయన మొదటి పేరు చదువుకుని కాగితాన్ని బోర్లించారు. అక్క యూ-షాన్ వైపు తిరిగి నడుము వంచింది. నేనూ వంచాను.

"తిట్టమ్మా, చదవకుండా నొక్కింది నేనే."

యూ-షాన్ ముక్కు తుడుచుకుని, ఆపేసిన కార్డు నా ముందు పెట్టింది.

"తిట్లు తర్వాత, బాబాయ్. ముందు దీన్ని బతికించండి. పైన వార్డులో తాతకు సూది వేళ దాటిపోతోంది."

అక్క కార్డు తెరిచే మార్పు పంపింది. నా ఫోను మోగింది. మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాను.

"ఇంకా ఎంతసేపు?" అంది యూ-షాన్.

"ఉండమ్మా, చదువుతున్నా" అన్నాను.