స్విచ్చు పక్కన మనిషి

ఇంట్లో అందరూ అక్కను "మెయిన్ స్విచ్" అని ఏడిపిస్తారు. పెరట్లో కరెంటు మిషను ఏది తిరిగినా ఆమె వరండాలోని స్విచ్చు పక్కనే నిలబడుతుంది. పని ఆగేదాకా కదలదు.

ఆ సాయంత్రం తమ్ముడికి కాబోయే అత్తామామలు వస్తున్నారు. కంచె మొక్కలేమో జుట్టు విరబోసుకుని ఉన్నాయి. కత్తిరించే మిషనుకున్న తీగ పొట్టిది. వాడు టీవీ వెనకున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు పీకి తెచ్చి, ఇంకోదానికి తగిలించి, అతుకు మీద ప్లాస్టిక్ కవరు చుట్టి గడ్డిలో పడేశాడు.

"ఒరేయ్, అది ఇంట్లో వాడేదిరా. బయటకి పనికిరాదు. బజారుకెళ్లి మందపాటిది, పొడుగుది ఒకటి తెస్తా, కాస్త ఆగు," అంది అక్క.

"ఈలోపు మా అత్తగారు గేటు దగ్గరుంటుంది. నువ్వు నీ డ్యూటీ చూసుకో తల్లీ!"

మిషను రొద మొదలైంది. తీగ కత్తికి అడ్డం రాకుండా భుజం మీంచి వెనక్కి వేసుకోమని అక్క సైగ చేసింది. ఆ ఒక్కటీ విన్నాడు.

గేటు బయట కారు హారన్ మోగింది. అక్క, ఎప్పుడూ లేనిది, స్విచ్చు వదిలి పరుగున వెళ్లి గొళ్లెం మీద చెయ్యి వేసి, అలవాటుగా వెనక్కి చూసింది.

పక్కింటి పైపు నీళ్లు గోడ కన్నంలోంచి పారి వచ్చి, అతుకు చుట్టూ మడుగు కట్టాయి. అమ్మమ్మ చెప్పుల్లేని కాళ్లతో అటే వెళ్తోంది. వస్తువు తడుస్తుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు. పైగా చెవుడు.

అమ్మమ్మ దూరం. వరండాయే దగ్గర. అక్క వరండా వైపు దూకింది.

తమ్ముడు అప్పుడు చూశాడు. మిషను మీట వదిలేశాడు. రొద ఆగింది కానీ, అతుకులో కరెంటు అలాగే ఉంది.

"అమ్మమ్మ ఇటుంటే అటు పోతావేంటక్కా!"

టక్.

అమ్మమ్మ తీగను పైకెత్తింది. కవరులోంచి నీళ్లు ధారగా కారాయి. అంతే, ఇంకేం జరగలేదు.

"ఏంట్రా ఆ చూపు? పామునేమైనా పట్టుకున్నానా?"

"పామే అమ్మమ్మా!" స్విచ్చు మీద చెయ్యి తియ్యకుండా, రొప్పుతూ అరిచింది అక్క. "నువ్వు పట్టుకునేలోపే కోరలు పీకేశా!"

తమ్ముడు వెళ్లి గేటు తీశాడు.

లోపలికొస్తూ కాబోయే అత్తగారు కంచె వంక చూసింది. "సగమే కత్తిరించారేం బాబూ?"

"మా అక్క ఆపేసిందండీ," అన్నాడు తమ్ముడు. ఈసారి వాడి గొంతులో ఎగతాళి లేదు. "తను ఆపబట్టే ఈ ఇంట్లో అందరం ఉన్నాం."